సీలు వేసిన పిడికిళ్ళు

సింగనపేట ప్రభుత్వ క్రీడా కేంద్రంలో కొత్త పంచింగ్ బ్యాగ్ ప్రారంభోత్సవం నాడు అన్నీ సవ్యంగానే జరిగాయి, ఒక్క బొటనవేలు తప్ప. బ్యాగ్‌కి బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. జిల్లా క్రీడా వికాస మండలి చైర్మన్‌గారు నలభై నిమిషాలు ప్రసంగించి, యువత పిడికిలి బిగించాలన్నారు. అంతవరకూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ తరవాత ఫొటోగ్రాఫర్ ఊరుకోక, "సార్, ఒక్క గుద్దు గుద్దుతూ పోజివ్వండి" అన్నాడు.

చైర్మన్‌గారు చొక్కా చేతులు మడిచి పిడికిలి బిగించారు. బాక్సింగ్ కోచ్ సన్యాసిరావు మాస్టారు పక్కనే నిలబడి ఉన్నారు. ఎవరెదురైనా మొహం కంటే ముందు చేతులు చూడడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. చైర్మన్‌గారి బొటనవేలు నాలుగు వేళ్ళ లోపల భద్రంగా దాక్కుని ఉంది.

"సార్, బొటనవేలు బయట పెట్టండి. ఒక్క రెండు నిమిషాలాగితే పట్టీ కూడా కడతాను" అన్నారు మాస్టారు.

చైర్మన్‌గారి పీఏ మాస్టారిని ఎగాదిగా చూశాడు. "చైర్మన్‌గారికి వేళ్ళెక్కడ పెట్టుకోవాలో నువ్వు చెప్తావేంటయ్యా?"

మాస్టారు పక్కకి తప్పుకున్నారు. చైర్మన్‌గారు గుద్దారు. ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. మర్నాడు పత్రికలో దాని కింద "క్రీడాభిమానంతో కంటతడి పెట్టిన చైర్మన్" అని వేశారు.

బొటనవేలు బెణికింది, పిండికట్టు పడింది. చైర్మన్‌గారి వేలు బెణకడం, మామూలు జనం వేలు బెణకడం ఒకటి కాదు కదా. వెంటనే ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. వాళ్ళు ఐదు రోజులు బ్యాగ్ చుట్టూ తిరిగి, దాని బరువు తూచి, చుట్టుకొలత తీసి, "సదరు సంచి ఘటనా సమయంలో పక్కకు తప్పుకొనుటకు ఎటువంటి ప్రయత్నమూ చేయలేదు" అని తేల్చారు. మాస్టారిని కూడా సంజాయిషీ అడిగారు. ఆయన ఒక తెల్లకాగితం మీద రెండు వాక్యాలు రాశారు: "బొటనవేలు పిడికిలి లోపల పెట్టి కొట్టడం వల్ల బెణికింది. బయట పెట్టి కొడితే బెణకదు."

ఆ కాగితం నాలుగో రోజున తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్రసిరాతో "కారణం ప్రమాద స్థాయికి తగినంత పెద్దదిగా లేదు. మూడు ప్రతులలో తిరిగి సమర్పించవలెను" అని రాసి ఉంది. మాస్టారు అవే రెండు వాక్యాలు మూడు కాగితాల మీద రాసి పంపారు. అవీ తిరిగొచ్చాయి.

ఈలోగా 'హస్త భద్రతా నియమావళి' అనే ముప్పై రెండు పేజీల ఉత్తర్వు దిగింది. దాంతోపాటు హస్త భద్రతాధికారి కూడా దిగారు. ఆయన పేరు చక్రధరం. సర్వీసంతా తూనికలు కొలతల శాఖలో గడిపిన మనిషి. కొట్లలో కిలో రాళ్ళు, అరకిలో రాళ్ళు తిరగేసి, అడుగున సీసం ముద్ర ఉందో లేదో చూసి, లేనిచోట వేసి, అరిగినవాటిని పక్కన పడేయించడం ఆయన వృత్తి. మంచివాడే. ముప్పై ఏళ్ళలో ఒక్క పైసా ముట్టలేదని శాఖలో అందరూ చెప్పుకునేవారు, కొందరు విచారంగా. అలాంటి మనిషిని పిడికిళ్ళ మీదికి బదిలీ చేస్తే ఏం చేస్తాడు? తనకొచ్చిన పనే చేస్తాడు.

*

సన్యాసిరావు మాస్టారికి ఈ గొడవంతా మరో సమయంలో వచ్చి ఉంటే నవ్వుకునేవారే. కానీ సరిగ్గా ముప్పై రోజుల్లో జిల్లా సెలక్షన్లున్నాయి. ఆయన దగ్గర నేర్చుకునే పద్నాలుగు మందిలో లోవ అనే పిల్ల ఉంది. పదిహేడేళ్ళది, నలభై ఎనిమిది కిలోలు, ఎడమచేతి గుద్దు వేస్తే బ్యాగ్ గొలుసు మోగిపోతుంది. వచ్చే నెలలో దానికి పద్దెనిమిది నిండుతాయి. నిండితే ఈ విభాగంలో ఆడే వయసు దాటిపోతుంది. పెద్దవాళ్ళ విభాగంలో ఢిల్లీ దాకా ఆడొచ్చిన వాళ్ళుంటారు. అక్కడ దీని మొహం చూసేదెవరు? ఇప్పుడు సెలక్టయితే రాష్ట్ర శిబిరం, హాస్టలు, చదువు. కాకపోతే వాళ్ళమ్మ చినతల్లితో కలిసి క్రీడా కేంద్రం గేటు పక్కన టిఫిను బండి. చినతల్లి కూతుర్ని బండి దగ్గర నిలబెట్టనని పంతం పట్టి, పొద్దునా సాయంత్రం ఒక్కతే ఇడ్లీలు దించి పెంచుకొచ్చింది.

సెలక్షన్లకి వెళ్ళాలంటే ఒకే ఒక్క నిబంధన: సెలక్షన్ల రోజుతో కలిపి ముప్పై రోజులు ఒక్కరోజు కూడా మానకుండా కేంద్రంలో సాధన చేసినట్టు హాజరు ఉండాలి.

చేతులంటే మాస్టారికి మొదట్నుంచీ భయం, భక్తి. ఆయన కుర్రతనంలో పట్టీ కట్టేవాడు లేక, వట్టి చేత్తో ఇసక బస్తా గుద్దితే, కుడిచేతి నడిమి కణుపు లోపలికి దిగబడిపోయింది. ఆ చెయ్యి ఇప్పటికీ చలికాలంలో గ్లాసు పట్టుకోనివ్వదు. అందుకే తన పిల్లల చేతుల్ని ఆయన ఎవరికీ వదలరు. పాత నేత పంచెల్ని నాలుగు వేళ్ళ వెడల్పున చింపి, ఉతికి, ఎండలో ఆరేసి, చుట్టలు చుట్టి ఉంచుతారు. మణికట్టుకి మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి, కణుపుల మీద మూడు చుట్లు, బొటనవేలికి విడిగా ఒకటి. దాని మీద గ్లౌజు. మొదటి పది నిమిషాలూ నెమ్మదిగా, మణికట్టు వంగకుండా, ముందు రెండు కణుపులే తగిలేలా. "బస్తాకి నొప్పెట్టదురా, దానికి సిగ్గూ లేదు. చేతులు మాత్రం నీకు రెండే ఉన్నాయి" అంటుంటారు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన దగ్గర ఒక్క పిల్లాడి వేలూ విరగలేదు. ఈ సంగతి ఏ ఫైల్లోనూ లేదు.

*

మంగళవారం సాయంత్రం చక్రధరంగారు తోలుసంచీతో వచ్చారు. అందులో సీసం బిళ్ళలు, సన్నటి ఇనపతీగ, ముద్ర నొక్కే పట్టకారు, ఒక భూతద్దం. మాస్టారి పంచె పట్టీలను రెండు వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇవి ఏ ప్రమాణం ప్రకారం చింపబడినవి?"

"నాలుగు వేళ్ళ వెడల్పు సార్."

"ఎవరి వేళ్ళు?"

మాస్టారు తన చెయ్యి చూపించారు. చక్రధరంగారు భూతద్దంలోంచి చూసి తల అడ్డంగా ఊపారు. "ఈ వేళ్ళకు ధ్రువీకరణ లేదు. పైగా ఒక కణుపు లోపభూయిష్టం. ఇకమీదట శాఖ సరఫరా చేసిన గుడ్డ మాత్రమే వాడవలెను. నియమావళి పదకొండవ పేరా ప్రకారం వేలి కొసల వరకు, బొటనవేలు సహా, సంపూర్ణ ఆచ్ఛాదనం."

అలా కట్టడం మొదలుపెట్టారు. పది నిమిషాల్లో లోవ రెండు చేతులూ రెండు పెద్ద మినపసున్నుండల్లా తయారయ్యాయి. మణికట్టు దగ్గర తీగ చుట్టి, సీసం బిళ్ళ తగిలించి, పట్టకారుతో టక్కున నొక్కారు. బిళ్ళ మీద సంవత్సరం, నెల, శాఖ ముద్ర పడ్డాయి. పద్నాలుగు మందికి ఇరవై ఎనిమిది సీళ్ళు.

"సార్, దీనిమీద గ్లౌజు ఎక్కదు" అన్నారు మాస్టారు.

"అవసరం లేదు. సీలు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున ఎవరూ సంచిని కొట్టరాదు. ప్రభుత్వ ముద్ర చెడగొట్టుట శిక్షార్హం."

"మరి సాధన?"

"సంచి ఎదుట నిలబడవచ్చును."

"పోనీ, ఇంటికెళ్ళేటప్పుడు విప్పేస్తారు కదండీ?"

"సీలు అధికారి సమక్షంలోనే తొలగింపబడవలెను. నాకు మరో మూడు మండలాల అదనపు బాధ్యతలున్నవి. నేను మంగళ, శుక్రవారాలు మాత్రమే వస్తాను." పట్టకారు సంచీలో పెట్టుకుని ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి సింగనపేటలో పద్నాలుగు ఇళ్ళలో పద్నాలుగు మంది పెద్దపిల్లలకి తల్లులు కలిపి తినిపించారు. మిగతా అవసరాల సంగతి అడక్కండి. చదువుకునే పిల్లలు నోటు పుస్తకం తెరవలేదు, సెల్‌ఫోను ముట్టుకోలేదు. ఈ రెండో ఫలితానికి మాత్రం కొంతమంది తల్లులు శాఖ వారిని లోలోపల దీవించారు.

చినతల్లి మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర మాస్టారిని పట్టుకుంది. "ఏటి మేస్టారూ ఇది? పదిహేడేళ్ళ గుంటకి గోరుముద్దలు తినిపిస్తన్నాను! సిన్నప్పుడు కూడా ఇంత గారం సెయ్యలేదు. తలకి నూనె రాసి జడెయ్యాలి, నీళ్ళొయ్యాలి. మరి నాను ఇడ్లీ యెప్పుడు దించాలి?"

"నాకు మాత్రం సరదానా చినతల్లీ? ముప్పై రోజులు ఓర్చుకోవాలి. ఇప్పుడు గొడవ పడితే పేరే కొట్టేస్తారు."

"అమ్మా, దురద పెడుతోంది, కాస్త ముక్కు గోకవే" అంది లోవ వెనకనుంచి. చినతల్లి విసుక్కుంటూనే గోకింది.

*

అసలు చిక్కు ఆ రోజే బయటపడింది. కేంద్రంలో హాజరు వెయ్యాలంటే వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టాలి. ఆ యంత్రం హాలు లోపలి గోడకి ఉంది. బొటనవేలేమో గుడ్డలో, సీలు కింద ఉంది. వట్టి చేత్తో హాల్లో అడుగు పెట్టకూడదని నియమావళి. వేలు పెట్టకపోతే రానట్టేనని యంత్రం. లోవ సున్నుండ చేతిని యంత్రానికి ఆనించింది. "మళ్ళీ ప్రయత్నించండి" అంది యంత్రం, ఎంతో మర్యాదగా.

మాస్టారు ఊళ్ళో ఉన్న టెలిఫోన్లన్నీ అరగదీశారు. చక్రధరంగారు ఎక్కడో మండల కేంద్రంలో దొరికారు. సమస్య విని ఆయన గాభరా పడలేదు. అరగంట ఆలోచించి తిరిగి ఫోను చేశారు.

"పరిష్కారం నియమావళిలోనే ఉన్నది. అభ్యర్థి అశక్తత సందర్భంలో ప్రతినిధిని అనుమతించవచ్చు. అభ్యర్థి రక్త సంబంధీకులొకరు 'అంగుష్ఠ ప్రతినిధి'గా నమోదై, వారి వేలు పెట్టవచ్చును."

"అంటే లోవ బదులు వాళ్ళమ్మ వేలు?"

"వేలు వారిది, హాజరు వీరిది. హాలు గుమ్మం దాటి యంత్రం వరకు మాత్రమే వారికి ప్రవేశం."

ఆ పూటే చినతల్లి అంగుష్ఠ ప్రతినిధి అయింది. రోజూ పొద్దున్న పొయ్యి మీద ఇడ్లీపాత్ర ఎక్కించి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి వేలు పెట్టేది. మొదటిసారే పట్టేది కాదు. ఐదోసారికో ఏడోసారికో "ధన్యవాదాలు" అనేది యంత్రం. "రేషన్ షాపులోనూ ఇంతే. నా యేలంటే దానికి పడదు" అని నవ్వేసేది చినతల్లి.

మిగతా పిల్లల అంగుష్ఠ ప్రతినిధులకి అంత ఓపిక లేకపోయింది. వారం తిరిగేసరికి తొమ్మిదిమంది మానేశారు. పిల్లలు తగ్గినకొద్దీ భద్రత పెరిగింది. చక్రధరంగారి నెలవారీ నివేదికలో 'హస్త గాయములు: శూన్యం' అని పడింది. జిల్లా కార్యాలయం మురిసిపోయింది.

మాస్టారికి మాత్రం అన్నం సయించడం లేదు. హాజరు సరే. నెల్లాళ్ళు బ్యాగ్ ముట్టకుండా నిలబడ్డ పిల్ల సెలక్షన్లలో ఏం కొడుతుంది? చేతులు మర్చిపోతాయి. కాళ్ళ అడుగులు వేయించారు, నడుము తిప్పించారు, గాలిలో గుద్దించారు. లోవ చిరాకుపడి, "మేస్టారూ, గాలి తిరిగి కొట్టదు కదా" అంది. నిజమే మరి.

దారి శుక్రవారం దొరికింది. పాత సీళ్ళు తీశాక, కొత్తవి వేసేముందు చేతులకి గాలి తగలాలని పన్నెండో పేరాలో ఉంది. ఆ సమయంలో పిల్లల్ని హాలు బయట నిలబెట్టి, చక్రధరంగారు గేటు దగ్గర టీ తాగుతారు. కొత్త బ్యాగ్ వచ్చినప్పుడు పాత బ్యాగ్‌ని 'నిరుపయోగం' అని రాసి రికార్డులోంచి కొట్టేశారు. కానీ ఆ బ్యాగ్ ఎక్కడికీ పోలేదు. కేంద్రం వెనక మెట్ల కింద వేలాడుతోంది. రికార్డు ప్రకారం అది లేదు. లేనిదాన్ని కొడితే తప్పెలా అవుతుంది?

మాస్టారు చినతల్లి దగ్గరికెళ్ళి గొంతు తగ్గించారు. "ఆయన టీ తాగడానికి ఎంతసేపు పడుతుంది?"

"అయిదు నిముషాలు."

"అయిదు చాలవు."

చినతల్లి మాస్టారి మొహంలోకీ, వెనక మెట్లవైపుకీ చూసింది. చక్రధరంగారు బెంచీ మీద కూచోగానే, "బాబూ, మీకు నూనె సరుకు పడదంట కదా. ఆవిరి ఇడ్లీ తినండి, కడుపులో సల్లగుంటాది" అని నాలుగు వేడి వేడివి ముందు పెట్టింది.

చక్రధరంగారు ఒంటరి మనిషి. బదిలీల మీద హోటలు తిండి తిని కడుపు పాడుచేసుకున్నవాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, ప్లేటు దగ్గరికి లాక్కున్నారు. మూతలు తెరిచి తెరిచి చినతల్లి మరో నాలుగు, ఆ పైన రెండు, అల్లప్పచ్చడి, కారప్పొడి వడ్డించింది. ఆయన ప్రతి ప్లేటుకీ డబ్బు లెక్కగా ఇచ్చేశారు. మనిషి నిజాయితీలో వంకలేదు. మెట్ల కింద ఆ అరగంటలో మాస్టారు పంచె పట్టీలు కట్టారు, గ్లౌజులు తొడిగారు. లోవ ఎడమచెయ్యి వేసింది. దుమ్ము లేచింది, గొలుసు మోగింది.

"ఏమిటా శబ్దం?" అన్నారు చక్రధరంగారు, ఇడ్లీ మీదనుంచి తలెత్తి.

"రుబ్బురోలు బాబూ. పక్కింటోళ్ళది" అంది చినతల్లి. "ఇంకో వాయి దిగతంది, ఆగండి."

అలా మంగళవారం ఒక అరగంట, శుక్రవారం ఒక అరగంట. మూడో వారానికి చక్రధరంగారి ఆకలి పెరిగి అరగంట ముప్పావుగంట అయింది. ఆయన పద్దెనిమిది ఇడ్లీలు తిన్న రోజు కూడా ఉంది. ఎన్ని నిమిషాలు కావాలంటే చినతల్లి అన్ని వాయిలు దించేది. ఇడ్లీలు చల్లబడితే ఆయన లేచిపోతారని, పాత్ర పూర్తిగా ఆవిరి తగ్గకముందే వేళ్ళతోనే రేకులు లాగేది. లోవ గుద్దు మళ్ళీ గట్టిపడింది. మాస్టారికి అన్నం సయించింది.

*

ముప్పయ్యో రోజు పొద్దున్న సెలక్షన్లు ఆ కేంద్రంలోనే. హాలుకి రంగుకాగితాలు కట్టారు. గాయాలు లేని కేంద్రంగా సింగనపేటకి 'హస్త భద్రతా పురస్కారం' కూడా అదేరోజు ఇస్తారు. చైర్మన్‌గారు పిండికట్టు విప్పించుకుని వచ్చేశారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి పిల్లలొచ్చారు. సింగనపేట తరఫున మిగిలింది లోవ ఒక్కతే.

హాజరు ఇరవై తొమ్మిది ఉంది. ఒక్కటి తక్కువ. చినతల్లి వచ్చి యంత్రం మీద వేలు పెట్టింది.

"మళ్ళీ ప్రయత్నించండి."

తుడిచి పెట్టింది. నోటి ఆవిరి ఊది పెట్టింది. చెంగుకి రాసి పెట్టింది. పదిసార్లు, ఇరవైసార్లు. యంత్రం మర్యాద తప్పలేదు, వేలు పట్టలేదు. బయట పోటీల పేర్లు చదువుతున్నారు. లోవ సున్నుండ చేతులతో గుమ్మం దగ్గర నిలబడి వాళ్ళమ్మ వీపు వంక చూస్తోంది.

చక్రధరంగారు వచ్చి సంచీలోంచి భూతద్దం తీశారు. చినతల్లి బొటనవేలు వెలుతురులోకి తిప్పి చూశారు. వేలి కొస ఎర్రగా కమిలి, నున్నగా, గచ్చులా ఉంది. గీత అన్నది లేదు. ఆయన చాలాసేపు చూశారు. అలాంటి నున్నటి తూకపు రాళ్ళు ఆయన సర్వీసులో వేలకొద్దీ చూశారు.

"అరిగిపోయింది" అన్నారు.

"అరగదేటి బాబూ?" అంది చినతల్లి. కోపంగా కూడా అనలేదు. "ఇరవై ఏళ్ళ బట్టి ఆవిరిలో ముంచుతన్నాను. ఈ నెలయితే మీకోసం ఇంకొన్ని వాయిలు దించాను. నా సేతులకి గుడ్డ సుట్టడానికి ఏ ఆఫీసరూ రాలేదు. సుట్టనక్కర్లేదు గానీ, నా గుంటని ఆడనివ్వండి."

చక్రధరంగారు భూతద్దం దించలేదు. "అరిగిన రాయిని అనుమతించుటకు నియమం లేదమ్మా" అన్నారు. "ఇరవై తొమ్మిది ముప్పై కాజాలదు."

అప్పుడు లోవ గుమ్మం దాటింది. ఎడమ మణికట్టు నోటికి ఎత్తుకుని, తీగని పళ్ళతో పట్టి గుంజింది. సీసం బిళ్ళ టంగుమని నేలమీద పడి దొర్లింది. గుడ్డ మెలికలు తిరిగి ఊడిపోయింది. మూడు రోజుల చెమటకి తెల్లగా నానిపోయిన బొటనవేలు యంత్రం మీద పెట్టింది. రెండేళ్ళ కిందట చేరినప్పుడు ఇచ్చిన ముద్ర యంత్రం మర్చిపోలేదు.

"ధన్యవాదాలు" అంది యంత్రం.

చక్రధరంగారు కింద పడ్డ బిళ్ళ వంక చూసి, "ప్రభుత్వ ముద్ర..." అని మొదలుపెట్టారు.

"అధికారి సమక్షంలో తియ్యాలన్నారు కదండీ" అంది లోవ రొప్పుతూ. "మీరు నా ఎదురుగానే ఉన్నారు."

చక్రధరంగారు నియమావళి తీశారు. పేజీలు తిప్పారు. తొమ్మిదో పేరా రెండుసార్లు చదివారు. 'సమక్షంలో' అని ఉంది గానీ, ఎవరు తియ్యాలో, చేత్తో తియ్యాలో పళ్ళతో తియ్యాలో లేదు. ఆయన కలం తీసి రిజిస్టరులో నెమ్మదిగా రాశారు: 'సీలు అధికారి సమక్షంలో తొలగింపబడినది. హాజరు ముప్పది.' రాసి, రెండో చేతి సీలు తనే పట్టకారుతో కత్తిరించారు.

"వట్టి చేతులతో హాల్లో ఉండరాదు" అన్నారు మాస్టారి వైపు తిరిగి. "త్వరగా... ఏదో ఒకటి కట్టండి."

మాస్టారి జేబులో పంచె పట్టీలు సిద్ధంగా ఉన్నాయి. మణికట్టుకి మూడు చుట్లు, వేళ్ళ సందుల్లో ఒక్కొక్కటి, కణుపుల మీద మూడు, బొటనవేలికి విడిగా ఒకటి. ఒక్క చుట్టూ తప్పలేదు. "అమ్మ ఎన్ని వాయిలు దించిందో అన్నీ గుర్తు పెట్టుకుని కొట్టు" అన్నారు.

లోవ గుర్తు పెట్టుకుంది. మొదటి పిల్ల రెండో రౌండులోనే రింగు తాళ్ళకి ఆనుకుపోయింది. ఫైనల్లో పక్క ఊరి పిల్ల గట్టిగానే నిలబడింది, లోవ పెదవి కూడా చిట్లింది. చివరి నిమిషంలో ఎడమచెయ్యి మూడుసార్లు వరసగా తగిలేసరికి రిఫరీ లోవ చెయ్యే పైకెత్తాడు. చినతల్లి "ఓలమ్మో!" అని కేకేసి, ఆ తరవాత నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మాస్టారు మాత్రం ఏడవలేదు. ముక్కు చీదుకున్నారంతే.

*

పురస్కార ప్రదానం మిగిలింది. చైర్మన్‌గారు ఇరవై నిమిషాలు మాట్లాడి, చేతులే జాతి సంపద అన్నారు. ఫొటోగ్రాఫర్ మళ్ళీ ఊరుకోలేదు. చైర్మన్‌గారు కొత్త బ్యాగ్ ముందు నిలబడి పిడికిలి బిగించారు.

మాస్టారి కళ్ళు అలవాటుగా చేతి మీదికే వెళ్ళాయి. బొటనవేలు లోపల ఉంది. ఆయన నోరు తెరిచారు. పీఏ ఆయన వంక చూశాడు.

"బాబూ, బొటనేలు బయటెట్టు!" అని గుమ్మం దగ్గరనుంచి చినతల్లి అరిచింది.

"ఎవరదీ?" అని పీఏ వెనక్కి తిరిగాడు. ఈలోగా చైర్మన్‌గారు గుద్దేశారు.

ఆ తరవాత హాలంతా గందరగోళమైపోయింది. నలుగురు అధికారులు చైర్మన్‌గారిని కుర్చీలో కూచోబెట్టారు, ఒకడు విసిరాడు, ఇద్దరు అంబులెన్సుకి ఫోన్లు చేశారు, పీఏ బ్యాగ్ వంక పగబట్టినట్టు చూశాడు. ఆయన్ని మోసుకుంటూ జనమంతా బయటికి పోయారు.

హాల్లో నలుగురు మిగిలారు. లోవ గోడవారగా వాళ్ళమ్మని కూచోబెట్టి, తన చేతి పట్టీ విప్పి, మెత్తటి కొస చూసి, ఆ కమిలిన వేలికి చుడుతోంది. "ఒగ్గేయే, సాయంత్రం బండుంది" అంటోంది చినతల్లి. "సాయంత్రం బండి నేను చూస్తాను. నువ్వు చెయ్యి కదపకు" అని కసిరింది కూతురు. మాస్టారు మోకాళ్ళ మీద కూచుని, "బిగించకు, గాలాడాలి" అని చెప్తున్నారు. చక్రధరంగారు పక్కనే నిలబడి చూశారు. చెయ్యి అలవాటుగా పట్టకారు మీదికి వెళ్ళింది. దాన్ని మళ్ళీ సంచీలో పెట్టేసి, రిజిస్టరు తీశారు.

ఆ నాటి గాయాల పేజీలో రెండు గళ్ళున్నాయి: పేరు, హోదా. ఆయన కలం చినతల్లి పేరు రాయబోయి ఆగింది. హోదా గడిలో రాయడానికి నియమావళి అంతా వెతికినా ఏమీ దొరకలేదు. ఇప్పటికీ ఆ రిజిస్టరులో ఆ తేదీకి ఎదురుగా గాయపడిన చేతులు ఒకటి అనే ఉంటుంది. చైర్మన్‌గారిది.